బంగారమునకు ఎన్ని రంగులు?

బంగారము రంగేమని యడిగినచో పసిబిడ్డయు చెప్పగలదు. పసుపుపచ్చ. పదాఱువన్నె మేలిమి యని మన పెద్దలు వన్నెను బట్టియే బంగారమును ఎన్నిక చేసిరి. గీటురాతిపై గీచి, ఆ గీత రంగును చూచి మేలిమిని నిర్ణయించు కంసాలికి రంగే సాక్ష్యము. వెండి తెలుపు, రాగి ఎఱుపు, బంగారము పసుపు. ఇవి ఆయా లోహములతో పుట్టిన గుణములనియు, వానిని మార్చుట ఎవరి తరమును కాదనియు మనము తలంతుము. కాని అదే బంగారము ఎఱ్ఱగా కనబడగలదు, ఊదాగా కనబడగలదు, నీలముగాను ఆకుపచ్చగాను కనబడగలదు. అందుకు వేఱొక లోహమును కలుపనక్కఱలేదు. రేణువు పరిమాణమును, అంతకంటె ముఖ్యముగా రేణువు ఆకారమును మార్చిన చాలును. ఈ సంగతి మానవునకెట్లు తెలిసినదో, తెలిసిన పిదప చేతికి చిక్కుటకు ఎంతకాలము పట్టినదో ఈ ప్రసంగమున ముచ్చటింతుము.

నమ్మకము కలుగకున్నచో ఇటీవలి కాలపు సంగతి నొకదానిని జ్ఞప్తికి తెచ్చుకొందము. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి ఊరూరను వ్యాపించినపుడు, ముక్కునుండి తీసిన ద్రవమును చిన్న పట్టీపై వేసి, రెండవ గీత పడునో పడదో యని ఊపిరి బిగబట్టి చూచినవారు మనలో ఎందఱో కలరు. అట్టి పట్టీలలో పెక్కింటియందు కనబడిన ఎఱ్ఱని గీత రంగుసిరా కాదు, బంగారము. సామాన్యమైన సూక్ష్మదర్శినికి సైతము రూపు చిక్కని బంగారు గుండ్లు కోట్లకొలది ఒకచోట చేరి గీతగా ఏర్పడినవి. పసుపుపచ్చని బంగారము ఆ పట్టీపై ఎఱ్ఱబడుటకు కారణమేమి?

ఈ ప్రశ్న పుట్టుటకు చాలకాలము ముందే చేతిపనివారు దాని ఫలమును అనుభవించిరి. లండనులోని బ్రిటిష్ మ్యూజియమున లైకర్గస్ పాత్ర యను గాజుపాత్ర కలదు. అది క్రీస్తుశకము 4వ శతాబ్దమునాటి రోమను పనివారి సృష్టి. ఎత్తు జానెడుకంటె తక్కువ. ద్రాక్షతీగెలు చుట్టుకొని బంధించిన లైకర్గస్ రాజు దానిపై చెక్కబడియున్నాడు. వెలుతురు వెలుపలినుండి పడినపుడు ఆ పాత్ర పచ్చగా నుండును. లోపల దీపముంచినచో మాణిక్యమువలె ఎఱ్ఱబడును. 1958లో మ్యూజియమువారు దానిని కొనిరి. 1990లో ప్రకటింపబడిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పరిశోధనవలన దాని గుట్టు బయటపడినది. ఆ గాజులో వెండి బంగారముల మిశ్రమరేణువులు 50 మొదలు 100 నానోమీటర్ల వఱకు గలవి చెదరియున్నవి. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. గాజు మొత్తమున పదిలక్షల పాళ్లలో బంగారము సుమారు 40 పాళ్లు, వెండి సుమారు 300 పాళ్లు మాత్రమే. వంటలో చిటికెడు ఇంగువ వలె ఆ కొద్దిపాటి లోహమే పాత్రకంతకును గుణమును తెచ్చినది. ఆ పనివారు తాము వేసినదేమో ఎఱుగుదురేమోగాని, అది ఏల అట్లు మెఱయుచున్నదో ఎఱుగరు.

17వ శతాబ్దమున ఐరోపాలో ఈ విద్య మరల తలయెత్తినది. బంగారమును కరగించిన ద్రావణమున తగరపు లవణమును చేర్చినచో ఊదారంగు మడ్డి యేర్పడును. 1685లో ఆండ్రియాస్ కాసియస్ అను నాతడు తన గ్రంథమున దీనిని వర్ణించుటచే దానికి కాసియస్ ఊదా యను పేరు వచ్చినది. ఆ కాలముననే జర్మనీలోని పోట్స్‌డాములో యోహాన్ కుంకెల్ అను గాజు నిపుణుడు బంగారముతో మాణిక్యపు రంగు గాజును వన్నెతప్పకుండ చేయగలిగెను. అంతవఱకు ఇది కొలిమి దగ్గఱి రహస్యము. ఏల యను ప్రశ్న ఇంకను పుట్టలేదు.

ఆ ప్రశ్న వేసినవాడు మైకేల్ ఫారడే. 1831లో అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టించుటకు దారిచూపి, నేడు మన యిండ్లలో దీపము వెలుగుటకును రేడియో మ్రోగుటకును కారకుడైన మహనీయుడాతడే. ఆయన అఱువదియైదవ యేట బంగారముపై దృష్టి నిలిపెను. సన్నగా కొట్టిన బంగారు రేకును వెలుతురు కెదురుగా పట్టి చూచిన దానిగుండ వచ్చు కాంతి ఆకుపచ్చగా నుండును. ఆ రేకును వేడిచేసినచో ఆకుపచ్చ రంగు మాసిపోవును. నునుపైన గట్టిరాయితో ఒత్తి రుద్దినచో ఆకుపచ్చ మరల వచ్చును. బంగారము కొంచెమైనను హెచ్చలేదు, తగ్గలేదు. రంగు మాత్రము పోయి వచ్చినది. వేడికి పలుచని పొర చిన్నచిన్న ముద్దలుగా ముడుచుకొనుననియు, ఒత్తిడికి ఆ ముద్దలు మరల పలుచబడుననియు నేడు మనకు తెలియును. అనగా ఆకారము మారుటచే రంగు మారుటను ఫారడే తన కన్నులయెదుటనే చూచెనన్నమాట.

పిదప ఆయన బంగారు లవణపు నీటిపై భాస్వరమును ప్రయోగించి, లేతమాణిక్యపు రంగుగల ద్రవమును తయారుచేసెను. చూచుటకది తేటగా కరిగిన రంగునీరే. కాని దానిలోనికి కాంతికిరణమును పంపినచో కిరణపు దారి మెఱయుచు కనబడినది. నిజముగా కరిగిన పదార్థమున అట్లు కనబడదు. కనుక అందు బంగారము కరగలేదు, రేణువులై తేలుచున్నదని ఆయన గ్రహించెను. ఆ యెఱ్ఱని ద్రవమున కొంచెము ఉప్పు వేసినచో అది నీలముగా మారెను. 1857 ఫిబ్రవరి 5వ తేదీన రాయల్ సొసైటీ బేకరియన్ ఉపన్యాసమున ఆయన ఈ విషయములన్నియు వెల్లడించెను. రంగులు మారుటకు రేణువుల పరిమాణమే కారణమని ఆయన ఊహ. కాని ఎంత మంచి సూక్ష్మదర్శినితో చూచినను ఆ రేణువులు ఆయనకు దొరకలేదు. వ్రేలిముద్రలు కలవు, దొంగ లేడు. ఆ నాటి ద్రవపు సీసాలు కొన్ని నేటికిని లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో భద్రముగా నున్నవి.

అర్ధశతాబ్దము గడచినది. వియన్నాలో పుట్టిన రిచర్డ్ జిగ్మాండీ, జీడెంటోఫ్ అను భౌతికశాస్త్రజ్ఞునితో కలిసి, 1903 నాటికి అతిసూక్ష్మదర్శిని యను సాధనమును వెలువరించెను. దాని యుక్తి మనకు క్రొత్తది కాదు. చీకటి యింటిలోనికి కప్పు సందునుండి ఎండపొడ పడినపుడు, అంతవఱకు కానరాని ధూళికణములు అందు తళతళలాడుట మనము చిన్ననాట చూచినదే. జిగ్మాండీ ప్రక్కనుండి కాంతి పంపి, చీకటి నేపథ్యమున బంగారు రేణువులను చుక్కలుగా చూచెను. కొల్లాయిడు ద్రవములను గూర్చిన కృషికి ఆయనకు 1925వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది. కాని ఆ సాధనము చుక్కను చూపినదేగాని రూపమును చూపలేదు. ఆకాశమున నక్షత్రము కలదని తెలియును. అది గుండ్రనో, కోలయో మన కంటికి తెలియదు. బంగారు రేణువు సంగతియు అంతే.

1908లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు గుస్టవ్ మీ, మాక్స్వెల్ విద్యుదయస్కాంత సమీకరణములను గైకొని, బంగారు గోళముపై కాంతి పడినచో ఏమగునో సంపూర్ణముగా గణించి చూపెను. మాణిక్యపు రంగు ఎట్లు వచ్చునో లెక్కలో తేలినది. ఇది గొప్ప విజయము. కాని ఆయన గోళమును ఎన్నుకొనుటకు కారణము రేణువులు గుండ్రనివని ఎవరో చూచి చెప్పుట కాదు. గోళమైనచో గణితము లొంగుట. రేణువు గుండ్రము కానిచో?

ఈ చిన్న ప్రశ్నను పట్టుకొన్నవాడు రిచర్డ్ గాన్స్. ఆయన 1880లో హాంబర్గు నగరమున జన్మించెను. 1912లో ఆయన ప్రకటించిన వ్యాసమునకు పెట్టిన పేరే అతిసూక్ష్మ బంగారు రేణువుల ఆకారమును గూర్చి అని. 1915లో వెండిని గూర్చి అట్టి వ్యాసమునే ప్రకటించెను. గోళమునకు బదులు రెండు రూపములను ఆయన లెక్కకు తీసికొనెను. ఒకటి దొండకాయ వలె సాగినది. రెండవది గుమ్మడికాయ వలె అణగినది. ఆకారము మారిన కొలది మ్రింగబడు కాంతి ఎట్లు మారునో ఆయన సమీకరణము చెప్పును. ఆయన ఆశించినది ఇంకొక మెట్టు పైది: కంటికి రూపము తెలియని రేణువు ఎట్లున్నదో దాని రంగును బట్టియే తెలిసికొనవచ్చునని.

దీని మర్మమును కొంచెము విప్పి చెప్పుదుము. లోహమునందు ఎలక్ట్రానులు ఒకచోట కట్టుబడియుండవు. చెఱువులో నీటివలె అంతటను కదలాడుచుండును. కాంతితరంగము చిన్న రేణువు మీదుగా పోవునపుడు దాని విద్యుద్బలము ఆ ఎలక్ట్రానుల నన్నింటిని ఒక ప్రక్కకు త్రోయును. అవి అటు చేరగానే ఇటు లోటేర్పడి, ఆ లోటు వానిని మరల వెనుకకు లాగును. అంతలో తరంగము దిశ మారి రెండవ ప్రక్కకు త్రోయును. ఇది ఉయ్యాల నూపుట వంటిది. ఉయ్యాలకు తనదైన లయ యుండును. ఆ లయకు సరిగా త్రోసినచో కొద్దిపాటి బలముతోనే అది దూలము దాక లేచును. లయ తప్పినచో ఎంత త్రోసినను సరిగా ఊగదు. రేణువులోని ఎలక్ట్రానులకును అట్టి లయ కలదు. ఆ లయకు సరిపడిన రంగును రేణువు మ్రింగివేయును. మిగిలిన రంగులు మన కంటికి చేరును. గుండ్రని చిన్న బంగారు రేణువు సుమారు 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని మ్రింగును. కనుక ద్రవము ఎఱ్ఱగా కనబడును. గుండ్రని వెండి రేణువు సుమారు 400 నానోమీటర్ల ఊదాకాంతిని మ్రింగును. కనుక వెండిద్రవము పసుపుపచ్చగా కనబడును. వెండి పసుపు, బంగారము ఎఱుపు!

గుండ్రని రేణువును ఏ వైపునకు త్రోసినను లాగుబలము ఒక్కటియే. కావున లయయు ఒక్కటియే. దొండకాయ వంటి రేణువున అట్లు కాదు. అడ్డముగా త్రోసినపుడు రెండు ప్రక్కల ఆవేశములు దగ్గఱగా నుండి గట్టిగా లాగును. లయ వడిగా నుండును. నిలువుగా త్రోసినపుడు రెండు కొనలును దూరము. లాగుడు సడలి లయ మందగించును. మందలయ యనగా దీర్ఘతరంగము. కావున ఒకే రేణువునకు రెండు లయలు. రేడియో గల యిండ్లవారికి దీనిని బోధించుట కష్టము కాదు. ఏరియల్ పొడవు మారిన అది చక్కగా అందుకొను తరంగము మారును గదా! రేడియో తరంగమును కాంతితరంగమును ఒకే జాతివి. మీడియం వేవు తరంగము పొడవు వందలకొలది మీటర్లు. కాంతిది వందలకొలది నానోమీటర్లు. బంగారు కడ్డీ కాంతికి అమర్చిన ఏరియల్ వంటిది.

ఇందు పరిమాణము పాలెంత, ఆకారము పాలెంత యను లెక్కను చూచిన గాన్స్ ప్రశ్న విలువ తేటపడును. గుండ్రని బంగారు రేణువు అడ్డుకొలతను 20 నుండి 100 నానోమీటర్లకు, అనగా అయిదింతలు పెంచినను, అది మ్రింగు కాంతి 520 నుండి సుమారు 570 నానోమీటర్ల వఱకే జరుగును. గుండ్రని రేణువునకు బదులు వెడల్పునకు నాలుగింతల పొడవుగల సన్నని కడ్డీని తీసికొన్నచో, దాని నిలువు లయ సుమారు 800 నానోమీటర్ల దాక పోవును. అది కంటికి కనబడు రంగుల మేరను దాటిన చోటు. పరిమాణము రంగును కొంచెము కదలించును. ఆకారము దానిని కంటిచూపునుండియే దాటించును.

ఇంతటి సంగతి చెప్పిన గాన్స్ జీవితము సుఖముగా సాగలేదు. 1912లోనే ఆయన అర్జెంటీనాకు పోయి లా ప్లాటా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర సంస్థకు అధిపతియయ్యెను. 1925లో స్వదేశమునకు వచ్చి కోనిగ్స్‌బర్గులో ఆచార్యుడయ్యెను. హిట్లరు పాలన వచ్చినది. గాన్స్ యూదుల కుటుంబమున పుట్టినవాడు. 1935లో ఆయన పదవి ఊడినది. యుద్ధకాలమున ఆ వృద్ధపండితుడు బలవంతపు కూలిపనికి గుఱియయ్యెను. మృత్యుశిబిరమునకు తరలింపబడు ప్రమాదము తలపై వ్రేలాడుచుండెను. అప్పుడు హైన్జ్ ష్మెల్లెన్‌మైయర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక యుక్తి పన్నెను. ఎలక్ట్రానులను మహావేగమున త్రిప్పు యంత్రమొకటి యుద్ధమునకు ముఖ్యమని అధికారులను నమ్మించి, దాని లెక్కలకు గాన్స్ లేనిదే పని జరుగదని చెప్పి, ఆయనను తన ప్రయోగశాలకు రప్పించుకొనెను. ఆ యంత్రము యుద్ధమున కుపకరించలేదు. ఒక ప్రాణమును కాపాడినది. 1947లో గాన్స్ మరల అర్జెంటీనా చేరి, 1954లో అచటనే కన్నుమూసెను. కోరిన పొడవునకు బంగారు కడ్డీని పెంచు విద్య ఆనాటికి లేదు. సమీకరణము సిద్ధముగా నున్నది. దానికి తగిన రేణువు లేదు.

రేణువులను చూచు కన్ను ముందుగా వచ్చినది. 1951లో అమెరికాలో జాన్ టర్కెవిచ్, ఆయన సహచరులు నిమ్మపండు పులుపునకు సంబంధించిన సిట్రేటు లవణముతో బంగారమును వేఱుచేసి, రేణువులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి కొలిచిరి. ఫారడే వెదకిన దొంగ దొరికెను. అవి దాదాపు గుండ్రని గుండ్లు, సుమారు 20 నానోమీటర్లవి. ఆ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. గుండ్లను చేయుట సులభము. ఒక ప్రక్కకే పెరుగుమని బంగారమును ఒప్పించుట కష్టము. 1990వ దశకమున కొందఱు సన్నని రంధ్రములుగల పొరలలో బంగారమును పోతపోసి కడ్డీలను చేసిరి. 2001లో అమెరికాలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయమున కేథరిన్ మర్ఫీ బృందము మఱియొక త్రోవ త్రొక్కినది. ముందు చిన్న బంగారు విత్తనములను చేసి, వానిని సబ్బువంటి పదార్థము కలిసిన బంగారు ద్రావణమున వేసిరి. ఆ పదార్థము విత్తనపు ప్రక్కలను కప్పియుంచుటచే బంగారము కొనలయందు పేరుకొని కడ్డీగా సాగినది. 2003లో నికూబఖ్త్, ఎల్-సయ్యద్ అనువారు ఆ పద్ధతిని మెఱుగుపఱచిరి. కడ్డీ సాగిన కొలది సీసాలోని ద్రవము రంగు మారెను. గాన్స్ లెక్క చూపిన దిశగనే మారెను.

2001లోనే నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున చాడ్ మిర్కిన్ బృందము వెండితో ఇంకొక వింత చూపినది. గుండ్రని వెండి రేణువుల పసుపుపచ్చ ద్రవమును ట్యూబులైటు కాంతిలో ఉంచిరి. సుమారు మూడు దినములలో అది ఆకుపచ్చయై, పిదప నీలమైనది. సూక్ష్మదర్శినితో చూడగా గుండ్లు పోయి పలుచని త్రికోణపు పలకలు నిలిచినవి. రంగు రేణువు ఆకారమును తెలుపుట యొకటి. ఇచట కాంతియే ఆకారమును మలచినది. 2004లో పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందము నిమ్మగడ్డి కషాయముతో బంగారు త్రికోణములను పెంచిరి. మన పెరటిలో దొరకు గడ్డి ఆ పని చేయగలిగినది.

ఈ శ్రమయంతయు రంగునీళ్ల వేడుకకేనా యని అడుగవచ్చును. అఱచేతిని టార్చిలైటుపై మూసి చూడుడు. వ్రేళ్ల అంచులు ఎఱ్ఱగా వెలుగును. మన మాంసము ఆకుపచ్చ, నీల కాంతులను ఆపివేయును. ఎఱుపును దానికి కొంచెము ఆవలనున్న కాంతిని మాత్రము కొంతలోతు పోనిచ్చును. గుండ్రని బంగారము ఆకుపచ్చను మ్రింగునదగుటచే దేహములోపల దాని కాహారము దొరకదు. కడ్డీ గాని, గాజువంటి గుండుపై బంగారు తొడుగు వేసిన రేణువు గాని, ఆ లోతునకు చేరు కాంతినే మ్రింగి వేడెక్కును. ఆ వేడితో వ్రణమును మాడ్చవచ్చునను ఆలోచన అందుండి పుట్టినది. అట్టి తొడుగు రేణువులను పురుషులలో కలుగు ప్రోస్టేటు కాన్సరునకు ప్రయోగించి చూచిన తొలి ఫలితములు 2019లో వెలువడినవి. ఆ పరీక్షలో పాల్గొన్నవారు 16 మంది మాత్రమే. కావున ఇది చికిత్సగా స్థిరపడినదని చెప్పరాదు. ఆశకు ఆధారము దొరకినదని మాత్రము చెప్పవచ్చును.

ఇంకొక సంగతి మన తెలుగునాటికి కొంచెము చేరువది. విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన చంద్రశేఖర వేంకటరామన్ 1928లో కనుగొన్న రామన్ ఫలితము మిక్కిలి బలహీనమైన వెలుగు. 1974లో ఇంగ్లండులో ఫ్లైష్మన్ బృందము గఱుకు చేసిన వెండిపై ఆ వెలుగు బలముగా కనబడుటను చూచిరి. 1977లో అది సామాన్యముగా ఉండవలసినదానికి లక్షలరెట్లని తేలినది. లోహపు వాడియంచులయొద్దను, రేణువుల నడిమి ఇఱుకు సందులయందును కాంతి కూడి బలపడుట దీనికి ముఖ్యకారణము. ఇచటను ఆకారమే కర్త.

రంగు పదార్థమున కలదనుకొంటిమి. అది పదార్థమును, కాంతియు, రూపమును కలిసి చెప్పు మాట. ఫారడే ప్రశ్న వేసి రేణువును చూడలేకపోయెను. గాన్స్ సమాధానము వ్రాసి కడ్డీల రంగులను చూడలేకపోయెను. ఎవరి పని వారు చేసి, మిగిలినది వెనుకవచ్చు వారికి విడిచిరి. రేపు ఎవరింటనైనను పరీక్షాపట్టీపై ఎఱ్ఱని గీత తేలినపుడు, మంచి వార్తయైనను చెడ్డ వార్తయైనను దానిని మనకు తెచ్చినది పసుపుపచ్చని బంగారమే యని తలంతుము గాక. అది గుండ్రముగా నున్నది కనుక ఎఱ్ఱగా నున్నది. దొండకాయ వలె సాగియున్నచో మఱియొక రంగున పలుకును.